చిన్నమ్మ కవరు, 436 రూపాయల వరుస

కిందటి అక్టోబరులో, దసరా వెళ్లిన వారానికి, మా చిన్నాయన గుండెపోటుతో పోయాడు. వయసు 52. మాది జగిత్యాల జిల్లాలో ఒక చిన్న ఊరు. ఆయన సుతారి (తాపీ) పని చేసేవాడు, చిన్నమ్మ బీడీలు చుడుతుంది, వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ జగిత్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. దినాలు అయ్యాక చుట్టాలందరూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. నేను కూడా పొద్దున్నే హైదరాబాదు బస్సు ఎక్కుదామని సంచి సర్దుకుంటుంటే, చిన్నమ్మ అల్మారాలోంచి బట్టల దుకాణం కవరు ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, "గివన్ని ఏం కాయిదాలో జర సూడు బిడ్డా, నాకేమో సదువు రాకపాయె" అంది. మర్నాడు నేను బస్సు ఎక్కలేదు, ఆ తరువాతి నాలుగు రోజులూ ఎక్కలేదు.

కవరులో ఉన్నవి ఇవి: ఆహార భద్రత కార్డు, ఆధార్ కార్డులు, చిన్నమ్మ బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు, పీఎఫ్ చీటీలు, చిన్నాయన లేబర్ కార్డు, గ్యాస్ బుక్కు, ఇద్దరి బ్యాంకు పాసుబుక్కులు, ఎప్పటివో మందుల బిల్లులు. నేను ప్రైవేటు ఉద్యోగం చేసుకునే మనిషిని, ప్రభుత్వ కార్యాలయాల సంగతులు నాకు పెద్దగా తెలియవు. అయినా ఆ నాలుగు రోజుల్లోనూ, ఆ తరువాత రెండు మూడు నెలల రాకపోకల్లోనూ నాకు అర్థమైంది రాసిపెట్టాలనిపించింది. ఏయే పథకాలు ఉన్నాయని అడుగుతూ పోతే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఇంట్లో ఏయే కాగితాలు ఉన్నాయి, వాటిలో ఏ కాగితం ఏ బల్ల మీదికి వెళ్లాలి అని అడిగితే మాత్రం దారి దొరుకుతుంది.

మా ఊళ్లో ఎవరు చనిపోయినా, ఏడుపులు ఇంకా ఆగకముందే, వాకిట్లో కూర్చున్న మగవాళ్ల నోట వచ్చే మొదటి మాట "రైతుబీమా వస్తదా?" అని. ఆ పథకం 2018 ఆగస్టులో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు ఉండి, తన పేరు మీద గుంట భూమి పట్టా ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. ఆ బీమా కిస్తీని రాష్ట్ర ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది. దీనిలో నాకు గొప్పగా తోచింది సొమ్ము కన్నా దాని నడక: రైతు చనిపోయాడని తెలియగానే వ్యవసాయ విస్తరణ అధికారి తానే ఇంటికి వచ్చి, నామినీ ఆధార్, పాసుబుక్కు, మరణ ధ్రువపత్రం తీసుకుని, మిగతా పని తానే చేసుకుపోతాడు. చదువు రాని మనిషికి కూడా అది అందుతుంది, ఎందుకంటే ఆమె ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. అయితే మా చిన్నాయన దున్నిన భూమి ఇప్పటికీ వాళ్ల అన్న పేరు మీదే ఉంది. పట్టా లేదు కాబట్టి రైతుబీమా లేదు. ఆ మాట తేలగానే వాకిట్లోని వాళ్లంతా "అయితే ఏం రాదు తియ్" అని లేచిపోయారు. చిన్నమ్మ కూడా అదే నమ్మింది.

లేబర్ కార్డు మీద కొంచెం ఆశ పెట్టుకున్నాను. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు, ఏడాదిలో కనీసం 90 రోజులు ఆ పని చేసినవాళ్లు సంక్షేమ మండలిలో సభ్యులుగా చేరవచ్చు. మరణమైనా, బిడ్డ పెళ్లయినా, కాన్పయినా సాయం ఉంటుంది. ఆ డబ్బు ఎక్కడిదో కాదు, నిర్మాణాల మీద వసూలు చేసే సెస్సుదే. చిన్నాయన కార్డు చేయించుకున్నాడు గానీ గడువు దాటినా రెన్యువల్ చేయించలేదు. లేబర్ ఆఫీసులో ఆ ముక్క చెప్పించుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. పాతికేళ్లు ఇటుక మీద ఇటుక పెట్టిన మనిషికి, కార్డు మీద ఒక తేదీ దాటిపోయినందుకు ఏమీ దక్కకపోవడం నాకు ఈ రోజుకీ మింగుడు పడలేదు. మీ ఇళ్లల్లో సుతారి పనికో, సెంట్రింగుకో, రంగులకో వెళ్లేవాళ్లుంటే ఆ కార్డు తీసి గడువు చూడమని మాత్రం చెప్పగలను.

ఇక పాసుబుక్కు. మూడో రోజు రాత్రి చిన్నమ్మ చాట ఒళ్లో పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు వేసి చుడుతూ ఉంటే, నేను పక్కన కూర్చుని చిన్నాయన పాసుబుక్కు ఒక్కో వరుస చదువుతూ పోయాను. ముద్రణ వెలిసిపోయి, కొన్ని వరుసలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఉపాధి హామీ కూలీ, గ్యాస్ సబ్సిడీ, రెండు వేలు తీసినవి, మూడు వేలు వేసినవి. మే నెలాఖరున ఒక వరుసలో 436 రూపాయలు కోత పడింది. పక్కన ఇంగ్లిషు పెద్దక్షరాల్లో పీఎంజేజేబీవై అని ఉంది. దాని కిందనే 20 రూపాయల కోత మరొకటి. వెనక్కి తిరగేస్తే అంతకు ముందు మేలోనూ ఉన్నాయి, ఆ ముందు మేలోనూ ఉన్నాయి. అడుగున ఉన్న పాత పాసుబుక్కులో అదే పేరుతో 330 రూపాయలు.

ఆ అక్షరాల పూర్తి పేరు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన. 2015 మేలో మొదలైంది. 18 నుంచి 50 ఏళ్ల మధ్య చేరవచ్చు, ఏటా కడుతూ పోతే 55 ఏళ్లు వచ్చే దాకా రక్షణ ఉంటుంది. మొదట్లో ఏడాదికి 330 రూపాయలు, 2022 జూన్ నుంచి 436. చేరినవాళ్లు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షల రూపాయలు ఇస్తారు. జూన్ 1 నుంచి మరుసటి మే 31 వరకు ఒక ఏడాదిగా లెక్క. 20 రూపాయలది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. అది ప్రమాదానికి మాత్రమే కాబట్టి గుండెపోటుకు వర్తించదు. ఖాతా తెరిచిన రోజు ఎవరో సంతకం పెట్టమంటే చిన్నాయన పెట్టి ఉంటాడు. ఇంట్లో ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. చెప్పడానికి ఆయనకైనా తెలుసో లేదో.

రైతుబీమాకూ దీనికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. ఖాతాదారు చనిపోయాడని బ్యాంకుకు ఎవరూ చెప్పరు, బ్యాంకు కూడా తనంతట తాను అడగదు. ఇంటివాళ్లు వెళ్లి, ఫలానా బీమా ఉంది, దాని క్లెయిమ్ ఫారం ఇవ్వండి అని పేరు పెట్టి అడగాలి. పేరు తెలియని మనిషికి ఆ సొమ్ము లేనట్టే.

బ్యాంకుకు వెళ్తే కౌంటరులో కూర్చున్న అబ్బాయి ఖాతా చూడకుండానే, "మా దగ్గర అలాంటి బీమా ఏదీ లేదు మేడమ్, మీరు ఎల్‌ఐసీ ఆఫీసుకు వెళ్లండి" అన్నాడు. బ్యాంకు పేరు రాయను. రాస్తే ఆ ఒక్క శాఖలోనే ఇలా జరుగుతుందని చదివేవాళ్లు అనుకుంటారు. నేను పాసుబుక్కు తెరిచి 436 వరుస మీద వేలు పెట్టి, "ఈ డబ్బు మీరే కోశారు కదా, ఎవరి కోసం కోశారో చెప్పండి" అన్నాను. అతను లోపలికి వెళ్లి మేనేజరుతో మాట్లాడి వచ్చి, రేపు రమ్మన్నాడు. రేపు అనగానే వెనుదిరిగి వచ్చేదాన్నే. మా వెనకాల వరుసలో నిలబడిన పెద్దమనిషి ఒకాయన, రిటైరైన టీచరట, "అమ్మా, నోటి మాట వద్దు. తెల్లకాగితం మీద అర్జీ రాసి, దాని జిరాక్సు మీద ముద్ర వేయించుకొని పో" అన్నాడు. నేను ఈ వ్యవహారంలో నేర్చుకున్న వాటిలో ఇంతకన్నా పనికొచ్చింది లేదు. తేదీతో ముద్ర పడిన జిరాక్సు చేతిలో ఉంటే రెండోసారి వెళ్లినప్పుడు మొదటి నుంచి కథ చెప్పుకోవాల్సిన పని ఉండదు.

తరువాత పేర్ల గొడవ. మా వైపు ప్రతి లక్ష్మయ్యా పిలుపులో లచ్చయ్యే, ప్రతి రాజేశ్వరీ రాజవ్వే. రాసేవాడికి ఎలా వినిపిస్తే అలా రాసేస్తాడు. చిన్నాయన పేరు ఆధార్‌లో ఒక తీరుగా, పాసుబుక్కులో ఒక తీరుగా ఉంది. నామినీగా రాయించిన చిన్నమ్మ పేరు ఆమె ఆధార్‌తో కలవలేదు. రెండు తీర్ల పేర్లూ ఒకే మనిషివేనని స్టాంపు కాగితం మీద నోటరీ అఫిడవిట్ చేయించి, రెండు పేర్లూ కనిపించే పాత కాగితాలు జతపెట్టాం. మరణ ధ్రువపత్రం విషయంలో మాత్రం అదృష్టం కలిసి వచ్చింది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల లోపల చెబితే నమోదుకు రుసుం ఉండదు, ఆలస్యం అయ్యేకొద్దీ రుసుమూ అనుమతులూ పెరుగుతాయి. మా పంచాయతీ కార్యదర్శి దినాల నాడే వచ్చి వివరాలు రాసుకుని, పేరు ఆధార్‌లో ఉన్నట్టే వేయమంటారా అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న మాకు ఎంత తిరుగుడు తప్పించిందో ఆయనకు తెలియదు. ధ్రువపత్రం ప్రతులు ఐదారు తీసుకున్నాం, అన్నీ ఖర్చయ్యాయి. మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి కూడా అప్పుడే దరఖాస్తు పెట్టాం.

నా రెండో ప్రయాణంలో జాతీయ కుటుంబ ప్రయోజన పథకం సంగతి తెలిసింది. చెప్పింది అధికారి కాదు, అంగన్‌వాడీ టీచర్. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబంలో, ఇంటిని పోషించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల మధ్య చనిపోతే ఆ కుటుంబానికి ఒకేసారి 20,000 రూపాయలు ఇస్తారు. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమంలో భాగంగా, అంటే నేను బడికి వెళ్లే రోజుల నుంచీ ఉంది. మా ఊళ్లో నేను అడిగిన పది మందిలో ఒక్కరు కూడా దాని పేరు వినలేదు. దరఖాస్తు తహసీల్దార్ కార్యాలయంలో ఇవ్వాలి. వెనకటికైతే ఊళ్లో వీఆర్వో, అంటే గ్రామ రెవెన్యూ అధికారి, ఉండేవాడు, ఏది అడగాలన్నా ముందు ఆయన్నే పట్టుకునేవాళ్లు. మంచివాడైనా చెడ్డవాడైనా అది ఒక గడప. 2020లో తెలంగాణలో ఆ వ్యవస్థను రద్దు చేశాక రెవెన్యూ సంగతి ఎవరిని అడగాలో ఊళ్లో చాలామందికి తెలియకుండా పోయింది. ఆ చోటికి గ్రామ పాలనాధికారులు 2025లో వచ్చారు.

కాగితాలు చూసేకొద్దీ నాకు ఇంకో సంగతి తేలింది. సరైన సమాచారం ఊళ్లోనే ఉంటుంది, కానీ ఒక్కరి దగ్గర ఉండదు. ఆడవాళ్లకూ పిల్లలకూ సంబంధించినవి అంగన్‌వాడీ టీచర్‌కూ ఆశా కార్యకర్తకూ తెలుసు. మహిళా సంఘాల అప్పులు, వాటికున్న బీమా ఆ సంఘాల లెక్కలు చూసే వీవోఏకు తెలుసు. భూమి మాటలు విస్తరణ అధికారికి తెలుసు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల సంగతి మా వైపు చాయ్ హోటళ్లలో కూడా తెలుసు, ఎందుకంటే వాడకు ఇద్దరు దుబాయికో మస్కట్‌కో వెళ్లినవాళ్లే. ఒకరికి తెలిసింది మరొకరికి తెలియదు. చావు జరిగిన ఇంట్లోని మనిషి ఇంతమందినీ విడివిడిగా అడగాలంటే ఎలా అవుతుంది? కేంద్ర ప్రభుత్వం 2022లో మైస్కీమ్ అనే వెబ్‌సైటు తెచ్చింది. వయసు, రాష్ట్రం, కులవర్గం, వృత్తి చెబితే అర్హత ఉన్న పథకాల జాబితా ఇస్తుంది. చదువుకున్న పిల్లలున్న ఇంటికి అది మంచి మొదలే, కాదనను. కానీ అది పథకం పేరు చెప్పినంత సులువుగా, మా మండలంలో ఆ కాగితం ఎవరి బల్ల మీద పెట్టాలో చెప్పలేదు.

మా ఆడపడుచును గుంటూరు జిల్లాకు ఇచ్చాం. అక్కడ 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు ఉన్నాయి కాబట్టి కనీసం అడగడానికి ఊళ్లోనే ఒక కార్యాలయం, దానిలో సంక్షేమం చూసే మనిషి ఉంటారు. పింఛను నెల మొదట్లో ఇంటికే తెచ్చి ఇస్తారు. 2025 జనవరి నుంచి మన మిత్ర అనే వాట్సాప్ సేవ కూడా ఉంది. ఆమె ఇవన్నీ చెబుతుంటే నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం. అయితే అక్కడా ఇంకొకరి ఇంటి కరెంటు మీటరు తమ ఆధార్‌కు కలిసిపోయి, 300 యూనిట్లు దాటాయని అర్హత పోయిన కథలు ఆమె దగ్గర బోలెడున్నాయి.

పింఛను దగ్గర చిన్నమ్మకు కొత్తగా వచ్చేది ఏమీ లేదు. బీడీ కార్మికురాలిగా ఆమెకు ఇప్పటికే నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను వస్తోంది. ఒక మనిషికి రెండు ఆసరా పింఛన్లు ఉండవు, కాబట్టి వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టిస్తామని ఐదు వందలు అడిగిన మధ్యవర్తిని పంపించేశాం. కానీ ఆమె బీడీ గుర్తింపు కార్డు విలువ ఆమెకే తెలియదు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఒకటో తరగతి నుంచి వృత్తివిద్యల వరకు ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల దాకా ఉపకారవేతనం ఇస్తుంది. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. మా చెల్లె పదో తరగతి నుంచి ఇప్పటి దాకా ఒక్కసారి కూడా పెట్టలేదు. కార్ఖానాలో ఆకు, తంబాకు తూచి ఇచ్చే టేకేదారు ఎన్నడూ చెప్పలేదు, కాలేజీలో ఎవరూ అడగలేదు. పోయిన ఏళ్ల డబ్బు తిరిగి రాదు.

భూమి విషయంలో పెదనాన్నతో మాట పట్టింపు వచ్చింది. అది ఇంటి గుట్టు కాబట్టి ఎక్కువ రాయను. ఆడవాళ్లకు, వాళ్ల ఆదాయంతో నిమిత్తం లేకుండా, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుందని, ఆ హక్కు 1987 నాటి చట్టంలోనే ఉందని, 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారని రాస్తే చాలు. ఆ ఫోన్ మేం చేశామని తెలిసిన తరువాత మాటల తీరు కాస్త మెత్తబడింది.

తహసీల్దార్ కార్యాలయంలో కుటుంబ ప్రయోజన పథకం దరఖాస్తు నెల రోజులైనా కదలకపోతే, ఒక సోమవారం సెలవు పెట్టి చిన్నమ్మను కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి తీసుకెళ్లాను. గేటు బయట చెట్టు కింద ఒకాయన అట్ట మీద కాగితం పెట్టుకుని అర్జీలు రాస్తున్నాడు, చుట్టూ ఎనిమిది మంది. చెప్పిన కథంతా వింటాడు, కానీ రాసేది ఆరు వరుసలే. మా ముందున్న ముసలావిడ కోడలి మీద పది నిమిషాలు చెప్పుకుంటే అంతా విని, "అవ్వా, నీకు కావాల్సింది ఇల్లా, పింఛనా? ఒకటి చెప్పు" అన్నాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించి పింఛను అంది. లోపల అర్జీ తీసుకుని, కంప్యూటరులో ఎక్కించి, నంబరున్న రసీదు ఇచ్చారు. చిన్నమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. నేను విప్పించి ఫోటో తీసుకున్నాను.

బీమా సొమ్ము 2 లక్షలు సంక్రాంతికి ముందు చిన్నమ్మ ఖాతాలో పడింది. ప్రజావాణి రసీదు ఇంకా కవరులోనే ఉంది.

సొమ్ము పడిన మాట వాడలో తెలియకుండా ఉంటుందా? ఫిబ్రవరిలో ఒక రాత్రి చిన్నమ్మ ఫోన్ చేసి, వెనక వాడలో ఆటో నడిపే అతను పోయాడని, ఆయన భార్య పాసుబుక్కు పట్టుకుని వచ్చి కూర్చుందని, "నువ్వు సూసినట్టు జర సూడు బిడ్డా, ఫోటోలు పంపిపిస్త" అని చెప్పింది. చెల్లె ఒక్కో పేజీ వాట్సాప్‌లో పంపింది. ముందటేడు మేలో 436 వరుస ఉంది, దాని ముందు మేలోనూ ఉంది. కిందటేడు మే చివరి పేజీని పెద్దది చేసి రెండుసార్లు చూశాను. కోత పడాల్సిన వారంలో ఆయన ఖాతాలో నిలువ 310 రూపాయలు.